కమాన్ కట్ట మళ్ళీ విరిగింది. లేజర్ షాక్ పీనింగ్ మనకు పనికొస్తుందా?

ఆటోనగర్_కమాన్ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది కమాన్ కట్టల పని, అంటే లారీల కింద బరువు మోసే వంపు ఉక్కు పట్టీలు, లీఫ్ స్ప్రింగులు. నాన్న ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నారు. నేను మెకానికల్ డిప్లొమా చేసి నాలుగేళ్ళుగా ఆయన దగ్గరే ఉంటున్నాను.

ఇబ్రహీంపట్నం నుంచి బూడిద తోలే టిప్పర్ ఒకటి నిన్న మా దగ్గరికి వచ్చింది. వెనక కుడివైపు మెయిన్ కట్ట, అంటే అన్నిటికంటే పైనుండే పొడవాటి పట్టీ, విరిగింది. ఆరు నెలల కిందట అదే చోట ఆ కట్ట మార్చింది మేమే. ఓనరు గారు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. కానీ డ్రైవరు చెప్పింది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. లోడుతో కనకదుర్గమ్మ వారధి ఎక్కుతుంటే ఠాప్‌మని చప్పుడు వచ్చి బండి ఒక పక్కకు ఒరిగిందట. పక్కనే స్కూటర్ మీద ఒకావిడ, వెనక చిన్నపిల్ల. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా టెన్షన్ పోలేదు.

విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూశాను. పై అంచు దగ్గర చిన్న గుంట ఉంది, తుప్పు గుంట అనుకుంటున్నాను. దాని చుట్టూ బొటనవేలి గోరంత మేర నున్నగా, ముదురు గోధుమ రంగులో ఉంది. అందులో అర్ధచంద్రాకారపు గీతలు ఒకదాని వెనక ఒకటి. కృష్ణలో నీళ్ళు తీశాక ఇసుక మీద మిగిలే గీతలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే. మిగతా ముఖమంతా గరుకుగా, పగలగొట్టిన పటికబెల్లంలా మెరుస్తోంది.

ఒక వీడియోలో ఇనుము మీద నీళ్ళు పారిస్తూ లేజర్‌తో కొట్టడం చూశాను. దాన్ని లేజర్ షాక్ పీనింగ్ అన్నారు, పగుళ్ళు రాకుండా ఆపుతుందన్నారు. వెలుగు ఇనుమును దెబ్బ ఎలా కొడుతుంది? మా వీధిలో ఇప్పుడు ఫైబర్ లేజర్ వెల్డింగ్ మెషిన్లు వచ్చాయి కదా, వాటితో ఇది చేయొచ్చా? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి.

గొల్లపూడి_టిప్పర్ · ఆదివారం రాత్రి 9:40

తమ్ముడూ, నాకు రెండు బండ్లు ఉన్నాయి. కట్టలు విరగడం మాకు మామూలైపోయింది. బండి ఆగితే కిస్తీ ఆగదు కదా. ఇంకో కట్ట ఎక్కువ వేయించమని అందరూ అంటారు, నేనూ వేయించాను, ఆ పక్కది విరిగింది. ఎవరైనా సరైన కారణం చెబితే వినాలని ఉంది.

గుంటూరు_మాస్టారు · ఆదివారం రాత్రి 10:55

బాబూ, నేను లోహశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. విరిగిన ముఖాన్ని నువ్వు చూసిన తీరు చాలా బాగుంది. చాలామంది ఆ ముక్కను తుక్కులో పడేసి ‘మెటీరియల్ బాగాలేదు’ అనేస్తారు.

ఆ కట్ట వారధి మీద ఒక్క దెబ్బకు విరగలేదు. ఎన్నో వారాల ముందే మొదలైంది. నువ్వు చెప్పిన ఆ గుంట దగ్గర వెంట్రుక కంటే సన్నని పగులు పుట్టింది. బండి గుంతలో పడి లేచిన ప్రతిసారీ అది తెరుచుకుని మూసుకుంటూ కొంచెం కొంచెం లోపలికి పాకింది. లోడు ఎక్కువైన రోజు ఎక్కువ పాకింది, బండి ఖాళీగా తిరిగిన రోజు ఆగింది. ఆ గీతలు అలా పడ్డవే. లోపలికి చెమ్మ వెళ్ళి ఆ మేర గోధుమ రంగు వచ్చింది. చివరికి మిగిలిన ఇనుము బరువు మోయలేక ఒక్కసారిగా తెగింది, నీకు పటికబెల్లంలా కనిపించింది ఆ భాగం.

దీన్నే లోహం అలసట, ఫెటీగ్ అంటాం. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలింజను ఇరుసు విరిగి, మంటలు లేచి యాభై మందికి పైగా చనిపోయారు. మోయగలిగిన బరువే మోస్తున్న ఇరుసు ఎందుకు విరిగిందో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత జర్మనీలో వోలర్ అనే రైల్వే ఇంజినీరు ఇరుసులను లక్షల సార్లు వంచి వంచి పరీక్షించి, తక్కువ బరువైనా పదే పదే పడితే లోహం తెగుతుందని చూపించాడు.

ఇక్కడ నువ్వు పట్టుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. పగులు దాదాపు ఎప్పుడూ పై చర్మం మీదే పుడుతుంది, అదీ చర్మం సాగే వైపున. మీ కట్టలో లోడు పడగానే వంపు తగ్గి చదునవుతుంది. అప్పుడు పైనున్న, గిన్నెలా లోపలికి వంగిన ముఖం సాగుతుంది, కింది ముఖం నలుగుతుంది. నలిగే వైపు పగులు తెరుచుకోదు. అందుకే పై ముఖాన్ని ముందుగానే నలిపి ఉంచితే, బండి సాగదీసినప్పుడు ఆ నలుగుడు పోయేదాకా పగులుకు నోరు తెరిచే వీలుండదు.

పండగ రోజు బెజవాడ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కు. ముగ్గురి సీటులో నలుగురిని ఇరికిస్తారు. మధ్యలో వేలు దూర్చడానికి సందుండదు. లోహం చర్మాన్ని అలా ఇరికించడమే పీనింగ్. మంచి కంపెనీ కట్టలకు చిన్న చిన్న ఉక్కు గుళ్ళను వేగంగా విసిరి ఈ పని చేస్తారు, అది షాట్ పీనింగ్. కట్టను వంచి పట్టుకుని కొడితే ఇంకా మంచి ఫలితం వస్తుంది. లేజర్ చేసేదీ అదే పని, కాకపోతే లోతుగా. ఆ ముచ్చట చేతులతో చేసినవాళ్ళు చెబితే బాగుంటుంది.

ఒక మాట అడుగుతాను. ఆ గుంట తుప్పు గుంటేనా? కిరోసిన్‌తో బాగా కడిగి, భూతద్దం పెట్టి మళ్ళీ చూడు.

ఆటోనగర్_కమాన్ · ఆదివారం రాత్రి 11:20

మాస్టారూ, నమస్కారం. మీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. ‘పై ముఖం సాగుతుంది’ అన్నచోట ఆపించి రెండోసారి చదవమన్నారు. ముక్క షాపులోనే ఉంది, రేపు కడుగుతాను.

తెనాలి_లేజర్ · సోమవారం ఉదయం 6:30

మాది తెనాలి. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో చాలా ఏళ్ళుగా లేజర్ల మీద పని చేస్తున్నాను. వెలుగు దెబ్బ ఎలా కొడుతుందన్న ప్రశ్నకు నేను జవాబిస్తాను.

ముందు చూసింది చూసినట్టు చెబుతాను. కొట్టాల్సిన లోహం ముక్కను బాగా తుడిచి దాని మీద నల్లటి వినైల్ టేప్ అంటిస్తాం. కొన్నిచోట్ల అల్యూమినియం టేప్ వాడతారు, కొన్నిచోట్ల నల్ల రంగు పూస్తారు. టేప్ మీద సన్నని పొరగా నీళ్ళు పారిస్తాం, మిల్లీమీటరో రెండో మందం, అద్దంలా అల లేకుండా. లేజర్ కాంతి కంటికి కనిపించదు. కనిపించేది టేప్ దగ్గర తెల్లటి మెరుపు, వినిపించేది తుపాకీ టోపీ పేలినట్టు పొడి చప్పుడు. నీళ్ళు ఎగిరి చిందుతాయి, వెంటనే కొత్త నీరు ఆ చోటును కప్పేస్తుంది. టేప్ మీద నల్లగా కాలిన చదరం మిగులుతుంది. టేప్ ఒలిచేస్తే కింద లోహం మెరుస్తూనే ఉంటుంది, కాలిన మచ్చ ఉండదు. గోరుతో అడ్డంగా గీస్తే మాత్రం చాలా లోతు తక్కువ పల్లం తగులుతుంది. మొదటిసారి ఆ పల్లం నా గోటికి తగిలినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. వేడి తగలని చోట వెలుగు సొట్ట పెట్టింది!

ఇప్పుడు లెక్క. ఒక్క దెబ్బలో ఉండే శక్తి 10 జౌల్స్ అనుకోండి. అది కిలో బెల్లం దిమ్మను నేల మీంచి మీటరు ఎత్తుకు లేపితే పట్టే శక్తి, అంతే. కానీ ఆ శక్తిని 20 నానోసెకన్లలో వదులుతాం. సెకనును వంద కోట్ల భాగాలు చేసి అందులో ఇరవై భాగాలు. అంతసేపట్లో వెలుగే ఆరు మీటర్లు మించి పోలేదు. 10 జౌల్స్‌ను అంత చిన్న సమయంతో భాగిస్తే 500 మెగావాట్లు వస్తుంది. మీ ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో ఏడో యూనిట్ సామర్థ్యం సరిగ్గా 500 మెగావాట్లు. ఆ యూనిట్ మొత్తాన్ని 4 మిల్లీమీటర్ల చదరం మీద, రెప్పపాటులో ఇంచుమించు కోటో వంతుసేపు, గుమ్మరించినట్టు అన్నమాట. చదరపు సెంటీమీటరుకు 3 గిగావాట్లు దాటుతుంది.

అంత తీవ్రతకు టేప్ పైపొర క్షణంలో ఆవిరై, అయాన్లుగా చీలి ప్లాస్మా అనే మహా వేడి వాయువు అవుతుంది. అది ఉబ్బాలి, పైన నీళ్ళు అడ్డం. నీళ్ళు పక్కకు తప్పుకునేంత సమయం లేదు. కాబట్టి ఒత్తిడంతా కిందికి దిగుతుంది. వాతావరణ పీడనానికి ఇరవై ముప్పై వేల రెట్లు. ఆ ఒత్తిడి షాక్ తరంగమై ఉక్కులోకి దూరుతుంది. ఉక్కు ఓర్చుకునే హద్దు దాటినంత లోతు వరకు లోహం శాశ్వతంగా పక్కలకు సాగుతుంది. చుట్టూ ఉన్న లోహం సాగలేదు కాబట్టి అది తిరిగి లోపలికి నొక్కుతుంది. మాస్టారు చెప్పిన బస్సు సీటు ఇలా తయారవుతుంది.

నీళ్ళు తీసేసి కొడితే ప్లాస్మా గాలిలోకి ఎగిరిపోతుంది, దెబ్బ చాలా బలహీనపడుతుంది. ఇలా పైన మూతపెట్టి కొడితే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుందని 1970లో అమెరికాలో తేల్చారు. లేజర్ పుట్టింది 1960లో. శక్తిని లోపల కూడబెట్టి ఒక్కసారిగా వదిలే పద్ధతి, క్యూ స్విచింగ్, 1962లో వచ్చింది. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ మూసి నీళ్ళు నింపి, డెబ్బై గేట్లూ ఒకేసారి ఎత్తితే ఎలా ఉంటుందో అలాంటిది. ఆ రెండూ కలిశాకే ఈ పని సాధ్యమైంది.

షాట్ పీనింగ్‌లో నలిగిన పొర లోతు సుమారు పావు మిల్లీమీటరు. లేజర్‌తో మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. తేడా అక్కడుంది.

నల్లపాడు_మిల్లు · సోమవారం ఉదయం 8:05

చాలా బాగా చెప్పారండి. నాదొక సందేహం. కర్నూలు దగ్గర మనవాళ్ళు డ్రోన్‌ను కూల్చిన లేజర్ ఇలాంటిదేనా?

తెనాలి_లేజర్ · సోమవారం ఉదయం 8:31

కాదండి, పని చేసే తీరే వేరు. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి రేంజ్‌లో డీఆర్‌డీవో పరీక్షించింది 30 కిలోవాట్ల లేజర్. అది ఆగకుండా ఒకే చోట వెలుగు పోస్తూ డ్రోన్ ఒంటిని కాల్చి కరిగిస్తుంది. పీనింగ్ లేజర్ సెకనుకు 10 జౌల్స్ దెబ్బలు ఇరవై కొట్టినా సగటున 200 వాట్లే. కుట్టు మిషన్ మోటారుకు అటూ ఇటూ. దాని బలమంతా ఆ 20 నానోసెకన్లలో ఉంది.

ఇందులోనే మన తమ్ముడి రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మీ వీధిలో ఉన్న వెల్డింగ్ లేజర్ 1500 వాట్లది అనుకుందాం. 20 నానోసెకన్లలో అది ఇవ్వగలిగింది 30 మైక్రోజౌల్స్. కావలసిన 10 జౌల్స్‌లో మూడు లక్షల వంతు కంటే తక్కువ. దాంతో కమాన్ కట్ట మీద కొడితే చర్మం కరిగి గట్టిపడుతుంది. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుని ఆ చోట సాగుడు ఒత్తిడి మిగులుస్తుంది. మనకు కావలసిన దానికి పూర్తిగా వ్యతిరేకం. పగులును మనమే పిలిచినట్టవుతుంది. దయచేసి ఆ ప్రయత్నం చేయొద్దు.

ఇంకో సంగతి, అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ లేజర్లలో చాలావాటి తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లో, దానికి దగ్గరగానో ఉంటుంది. కంటికి అది కనిపించదు, కానీ కంటి కటకం దాన్ని రెటీనా మీదికి చక్కగా కేంద్రీకరిస్తుంది. కాలినప్పుడు నొప్పి తెలియదు, రెప్ప కొట్టుకోదు. మామూలు వెల్డింగ్ నల్ల అద్దాలను నమ్ముకోవద్దు. ఆ తరంగదైర్ఘ్యానికని రాసి ఉన్న కళ్ళజోడే వాడాలి. ఆటోనగర్‌లో కొన్ని షాపుల ముందు లేజర్ వెల్డింగ్ అవుతుంటే పిల్లలు నిలబడి చూడటం నా కళ్ళారా చూశాను. మెరిసే రేకు మీద తగిలి తిరిగొచ్చిన వెలుగు చాలు, చూపు పోవడానికి. మీ వీధిలో ఈ ఒక్క మాట అందరికీ చెప్పండి.

ఆటోనగర్_కమాన్ · సోమవారం మధ్యాహ్నం 1:15

చెప్పాను సార్. మా పక్క షాపు అన్నకు మీ పోస్టు చదివి వినిపించాను. ఇవాళ వెల్డింగ్ బల్లకు మూడు వైపులా రేకు అడ్డం కట్టారు. మెషిన్ మీద రాసి ఉన్న తరంగదైర్ఘ్యం కళ్ళజోడు మీద కూడా ఉందో లేదో చూసుకున్నారు, ఉంది.

ఎంటెక్_బెజవాడ · సోమవారం సాయంత్రం 7:48

ఈ చర్చ చూసి చాలా సంతోషమేసింది. నా ఎంటెక్ ప్రాజెక్టు లేజర్ పీనింగ్ చేసిన అల్యూమినియం మీదే. లేజర్ ఉన్నది వేరే ఊళ్ళో, నాకు అక్కడ దొరికింది మూడు రోజులే. మొదటి రోజంతా టేప్‌తోనే పోయింది. టేప్ కింద ఆవగింజంత గాలి బుడగ ఉన్నా అక్కడ టేప్ చిరిగి లోహం నేరుగా కాలిపోయేది. చివరికి స్టిక్కర్లు అంటించేవాళ్ళు ప్లాస్టిక్ స్కేలుతో గాలి నెట్టినట్టు నెట్టి అంటించాను, అప్పుడు కుదిరింది.

టేప్ లేకుండా కూడా చేస్తారు. జపాన్‌లో తోషిబా వాళ్ళు 1999 నుంచి అణు రియాక్టర్ల లోపల వెల్డింగ్ అతుకుల దగ్గర పగుళ్ళు రాకుండా దీన్ని వాడారు. రియాక్టర్‌లో ఎలాగూ నీళ్ళుంటాయి, ఆ నీళ్ళనే మూతగా వాడుకున్నారు. లోపలికి వెళ్ళి టేప్ అంటించే వీలుండదు కాబట్టి, చిన్న శక్తి దెబ్బలను దగ్గర దగ్గరగా, ఒకదాని మీద ఒకటి పడేలా కొట్టారు. నీళ్ళలో బాగా ప్రయాణించే 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి వాడారు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన పని అది.

కమాన్ కట్టల సంగతికొస్తే, మన దేశంలోనే ఈ పని జరిగింది. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం శాస్త్రవేత్తలు సొంతంగా తయారుచేసుకున్న లేజర్‌తో, వాహనాల స్ప్రింగులకు వాడే ఉక్కు మీద లేజర్ పీనింగ్ చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. నలిగిన పొర లోతుగా వచ్చింది, ఫెటీగ్ ఆయుష్షు పెరిగింది. కాబట్టి ‘అవుతుందా’ అన్న ప్రశ్నకు జవాబు, అవుతుంది. ఆటోనగర్ లాంటి చోట అందరికీ కలిపి ఒక సెంటర్ ఎందుకు ఉండకూడదు?

తెనాలి_లేజర్ · సోమవారం రాత్రి 9:05

అమ్మా, మీ పట్టుదల మెచ్చుకోవాల్సిందే. కానీ ఇక్కడ నేను ఒప్పుకోను.

లెక్క చూద్దాం. మెయిన్ కట్ట మీటరు పొడవు, 90 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే పై ముఖం 90,000 చదరపు మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్ల చదరాలతో ఒక్కసారి కప్పడానికే 5,625 దెబ్బలు. సెకనుకు ఇరవై కొట్టే మంచి లేజరైతే ఐదు నిమిషాల్లోపు. సెకనుకు ఒకటే కొట్టేదైతే గంటన్నర దాటుతుంది. మధ్యలో టేప్ మార్చడం, కట్టను జరపడం వేరే. ఇంత చేసి మనం కాపాడేది మార్చేయగలిగిన వస్తువును. షాట్ పీనింగ్ యంత్రం ఈ పనిని కారుచౌకగా చేస్తుంది.

అమెరికాలోనూ ఇదే జరిగింది. ఒహాయోలో బాటెల్ సంస్థ 1960ల చివర్లోనే దీని మీద పని మొదలుపెట్టింది. పని చేస్తుందని తెలిసినా ఏళ్ళ తరబడి పక్కన పడి ఉంది. అప్పటి గాజు లేజర్లు ఒక దెబ్బ కొట్టి చల్లారడానికి నిమిషాలు పట్టేవి. 1990ల మొదట్లో అమెరికా వాయుసేన బీ-1బీ బాంబర్ విమానాల ఇంజన్లకు ఆపద వచ్చింది. రన్‌వే మీది చిన్న రాయి లోపలికి పోయి టైటానియం ఫ్యాన్ బ్లేడు అంచు మీద చిన్న గాటు పెడితే, అక్కడ పగులు పుట్టి బ్లేడు తెగేది. విమానం ఎగిరే ముందు మెకానిక్కులు నూలు గ్లౌజులతో ప్రతి బ్లేడు అంచునూ తడిమి చూసేవారు, పోగు చిక్కుకుంటే గాటున్నట్టు. లేజర్ పీనింగ్ చేసిన బ్లేడుకు గాటు పడ్డా బలం దాదాపు తగ్గలేదు. ఆ ఇంజన్లు తయారుచేసే జీఈ కంపెనీ వాళ్ళు 1997లో దాన్ని ఉత్పత్తిలోకి తెచ్చారు. అక్కడ ఒక బ్లేడు తెగితే విమానం పోతుంది, మనుషులు పోతారు. కాబట్టి ఖర్చుకు వెనకాడలేదు.

ఎంటెక్_బెజవాడ · సోమవారం రాత్రి 9:32

సార్, గౌరవంతోనే అంటున్నాను. వారధి మీద స్కూటర్ వెనక కూర్చున్న పిల్ల కూడా మనిషే కదా. కట్ట ధర చూసి ఖర్చు లెక్కేస్తే సరిపోతుందా?

తెనాలి_లేజర్ · సోమవారం రాత్రి 9:50

మీ మాటకు నా దగ్గర ఎదురు లేదు. నేనన్నది ఒక్కటే: ఆ పిల్లను కాపాడటానికి లేజర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ రోజు ఆటోనగర్‌లో దొరికే వాటితోనే చాలావరకు కాపాడొచ్చు. అవి చెయ్యకుండా లేజర్ కోసం ఎదురుచూడటమే నాకు ఇష్టం లేదు. సెంటర్ అంటూ వస్తే దాంట్లో ముందు పెట్టాల్సినవి పెద్ద డై అచ్చులు, టర్బైన్ బ్లేడ్లు. అందులో నేను మీతోనే ఉంటాను.

ఆటోనగర్_కమాన్ · మంగళవారం రాత్రి 8:44

నాన్న అడుగుతున్నారు, ఆయన మాటల్లోనే రాస్తున్నాను: ‘మేము కట్టను పట్టెడ మీద పెట్టి సుత్తితో కొట్టి వంపు తెస్తాం. అది కూడా పీనింగే కదా? మరి మేము కొట్టిన కట్ట ఎందుకు గట్టిపడలేదు?’

గుంటూరు_మాస్టారు · మంగళవారం రాత్రి 10:10

నాన్నగారికి నా నమస్కారం చెప్పు. చాలా లోతైన ప్రశ్న అడిగారు.

సుత్తి దెబ్బ రెండు పనులు చేస్తుంది. పట్టెడ మీద రెండు చోట్ల ఆనిన కట్టను మధ్యలో కొడితే కట్ట మొత్తంగా వంగుతుంది. అది కర్రను మోకాలికి ఆనించి వంచడం లాంటిది, పీనింగ్ కాదు. దెబ్బ పడ్డచోట చర్మం నలగడం పీనింగ్. కానీ సుత్తి దెబ్బలు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పడతాయి. ఒక్కోసారి సుత్తి అంచు తగిలి గాటు పడుతుంది. పీనింగ్ మేలు చేయాలంటే సందు లేకుండా, అన్నిచోట్లా ఒకే బలంతో పడాలి.

అయినా ఆయన ఊహకు బంధువు లాంటి పని ఒకటుంది. బోయింగ్ 747-8 రెక్కల పైరేకులు మందంగా ఉంటాయి, వాటికి వంపు తేవడానికి లేజర్ పీనింగే వాడారు. ఒక ముఖాన్ని వరుసగా కొడితే ఆ ముఖం విస్తరించి రేకు అటువైపు ఉబ్బుతుంది. ఎక్కడ ఎంత కొట్టాలో లెక్కేసి వంపు తెస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు వంపు తేవడానికి కట్టను కాలుస్తారా? ఎర్రగా కాలిస్తే కంపెనీ చేసిన షాట్ పీనింగ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. లేజర్‌తో కొట్టినా అంతే, వేడికి ఆ ఇరుకు సడలిపోతుంది. అంతేకాదు, కంపెనీ పట్టిన పదును, అంటే కాల్చి చల్లార్చి తెచ్చిన గట్టిదనం, కూడా పోతుంది. నూనెలో ముంచి, మళ్ళీ తక్కువ వేడి మీద కాచి టెంపర్ చేయకపోతే అది కమాన్ కట్ట కాదు, ఉత్త పట్టీ. బొగ్గుల కొలిమిలో ఎక్కువసేపు ఉంచితే చర్మంలోని కార్బన్ కాలిపోయి పైపొర మెత్తబడుతుంది. పగులు పుట్టేది ఆ పొరలోనే కదా. కాల్చి సరిచేసిన మెయిన్ కట్టను బూడిద టిప్పర్‌కు వేయడం నా దృష్టిలో తప్పు. పాత కట్టకు వంపు పోతే కొత్తది వేయమని చెప్పండి.

సెంటర్ బోల్టు రంధ్రం అంచులు పదునుగా ఉంటే కొంచెం గుండ్రంగా చేయండి. కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైతే కట్ట వంగే చోటు మారి రంధ్రం దగ్గరే తెగుతుంది, లోడు తిరిగాక మళ్ళీ బిగించండి. కట్టకు దగ్గర్లో వెల్డింగ్ చేసేటప్పుడు తడి గోనె కప్పండి, ఒక్క నిప్పురవ్వ పడి అంటుకున్నా అది పగులుకు విత్తనం. వెల్డింగ్ మెషిన్ ఎర్త్ క్లిప్ కట్టకు తగిలించనే వద్దు.

గొల్లపూడి వారికి: బరువు పదో వంతు పెరిగితే ఆయుష్షు పదో వంతే తగ్గదు, అంతకంటే చాలా ఎక్కువ తగ్గుతుంది. ఒక కట్ట ఎక్కువ వేయించి, దానికి మించి బరువు ఎక్కించారు కదా. పక్కది విరిగింది అందుకే.

గొల్లపూడి_టిప్పర్ · మంగళవారం రాత్రి 10:38

నిజమే మాస్టారూ. ఎక్కువ కట్ట వేయించాం కదా అని ఎక్కువ పోయించాను. ఈ వారం నుంచి బాడీ గీత దాటి పోయనివ్వను. కిరాయి తగ్గితే తగ్గనీ.

నల్లపాడు_మిల్లు · బుధవారం ఉదయం 7:20

మా జిన్నింగ్ మిల్లులో షాఫ్టు కీవే, అంటే చక్రం బిగించడానికి కోసిన గాడి, మూల దగ్గర విరిగింది. చూస్తే అవే గీతలు. అది కూడా ఇదేనా మాస్టారూ?

గుంటూరు_మాస్టారు · బుధవారం ఉదయం 7:55

ఇదేనండి. కొత్త షాఫ్టు చేయించేటప్పుడు కీవే అడుగు మూలలు చాకుతో కోసినట్టు కాకుండా చిన్న గుండ్రం ఉంచమని టర్నర్‌కు చెప్పండి. లేజర్ దాకా పోనక్కర్లేదు.

ఆటోనగర్_కమాన్ · బుధవారం రాత్రి 9:30

మాస్టారూ, మీరు అడిగిన పని ఇవాళ చేశాను. నిన్న షాపులో రద్దీ వల్ల కుదరలేదు, క్షమించండి.

ముక్కను కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచాను. ఫోన్ లైటు పక్కనుంచి వేసి భూతద్దంతో చూశాను. గీతలన్నీ ఒకే చోట నుంచి మొదలవుతున్నాయి. ఆ గుంట తుప్పు గుంట కాదు. గుండ్రంగా లేదు. అడ్డంగా ఒక తిన్నని గీత, దాని చివర నుంచి ఏటవాలుగా కిందికి ఇంకో గీత. రెండూ కలిసే మూలలోంచి పగులు బయల్దేరింది. విరిగిన రెండో ముక్కను తెచ్చి పక్కన ఆనించి చూశాను. రెండూ కలిపితే అది 7 అంకె.

అది మా పంచ్. మేము వేసిన ప్రతి మెయిన్ కట్ట మీదా అంకె అచ్చు పెట్టి సుత్తితో నెల నంబరు పంచ్ కొడతాం, గ్యారంటీకి గుర్తుండాలని. ఈ కట్ట జులైలో వేశాం. కనిపించడానికి వీలుగా ఉంటుందని పై ముఖం మీద, సెంటర్ బోల్టుకు జానెడు దూరంలో కొడతాం. ముప్పై ఏళ్ళుగా అలాగే చేస్తున్నాం.

నాన్నకు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. తర్వాత తుక్కు కుప్పలోంచి పాత మెయిన్ కట్టల ముక్కలు ఒక్కొక్కటే తీసి కడగడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. పదకొండు కడిగాం. మూడింటికి పగులు పంచ్ దగ్గరే పుట్టింది. రెండింటికి సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర. మిగతావాటిలో తుప్పు వల్ల ఏమీ తెలియడం లేదు.

సాయంత్రం నాన్న పంచ్‌ల డబ్బా తీసి బీరువాలో పెట్టేసి, పసుపు రంగు డబ్బా, సన్న బ్రష్షు తెప్పించారు. టిప్పర్‌కు షాట్ పీనింగ్ చేసిన కొత్త కట్ట మా ఖర్చుతోనే వేశాం. గుర్తు రంగుతో రాశాం, అదీ కట్ట చివర పిన్ను దూరే కంటి పక్కన. గత ఆరు నెలల్లో మా దగ్గర మెయిన్ కట్ట వేయించుకున్న బండ్ల లిస్టు పుస్తకంలోంచి తీశాను. రేపటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వచ్చి పంచ్ చోటు చూపించుకోమని చెబుతాం. పగులు కనిపెట్టడానికి ఎరుపు రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పౌడరు చల్లే పద్ధతి ఉందని ఇక్కడే పాత చర్చలో చదివాను. ఆ డబ్బాలు ఆర్డర్ పెట్టాను. ఎలా వాడాలో మాస్టారు కాస్త చెప్పగలరా?

గుంటూరు_మాస్టారు · బుధవారం రాత్రి 10:02

చెబుతాను బాబూ. ఫోన్‌లో చెబితే కుదరదు. శనివారం పొద్దున్న బస్సెక్కి మీ షాపుకే వస్తాను. కట్టల మీద గ్రీజు, తుప్పు లేకుండా తుడిచి ఉంచండి. వైర్ బ్రష్ గట్టిగా రుద్దొద్దు, పగులు నోరు మూసుకుపోతుంది. నాన్నగారు కడిగిన ఆ పదకొండు ముక్కలూ పారేయొద్దు, నేను చూడాలి.

ఎంటెక్_బెజవాడ · బుధవారం రాత్రి 10:15

మాస్టారూ, నేను బెంజ్ సర్కిల్ దగ్గరే ఉంటాను. శనివారం నేనూ రావచ్చా? మా కాలేజీలో ఉన్న చిన్న మైక్రోస్కోపు అడిగి తెస్తాను.

గొల్లపూడి_టిప్పర్ · బుధవారం రాత్రి 10:40

తమ్ముడూ, నా పెద్ద బండికి దసరా ముందు కట్టలు మార్చింది మీ వీధిలోనే. దాని మీద కూడా పైన పంచ్ కొట్టారు, నాకు గుర్తుంది. రేపు లోడు ఎత్తకుండా తెల్లారే తీసుకొస్తున్నాను. షాపు ఎన్నింటికి తీస్తారు?